గుట్ట ఎక్కిన నీళ్ళ లారీ

వాదీ, అంటే ఎండిన వాగు, దాటి గుట్ట మలుపు దగ్గరికి వచ్చేసరికి లారీ గొంతు మారిపోయింది. అప్పటిదాకా నిండుగా మోగిన ఇంజన్ ఉన్నట్టుండి సన్నబడింది. యాక్సిలరేటర్ మీద డ్రైవర్ కాలు అడుగుదాకా నొక్కే ఉంది, బండి మాత్రం కదలనంటోంది. గేరు దించాడు, ఇంకా దించాడు. కొన్ని బారల దూరం పాకినట్టుగా వెళ్ళి, ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. నేను కిందికి దూకి వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాను.

వెనుక ట్యాంకరు నిండా నీళ్ళు. ఆ బరువుతో అంత ఇరుకు దారిలో వెనక్కి దిగడం ప్రాణాలతో చెలగాటం. డ్రైవర్ దిగాడు. వెనక్కి నడిచి వెళ్ళి వాల్వు తిప్పేశాడు. నీళ్ళు బుసబుసమంటూ బయటికి దూకి, ఎండిన రాళ్ళ మధ్య పాయలు పాయలుగా పారి, చూస్తుండగానే ఇంకిపోయాయి. పైన క్యాంపులో మనుషులు ఆ నీళ్ళ కోసమే ఎదురుచూస్తున్నారు. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకూ ఆ ధార వైపు చూడబుద్ధి కాలేదు.

అవి డెబ్బైల నడిమి సంవత్సరాలు. ఒమాన్‌లో ఎక్కడ చూసినా రోడ్లే వేస్తున్నారు. అల్ సువైక్ బజారు దాటాక, ఖర్జూర తోటల వెనుక మా కంపెనీ బేస్ క్యాంపు ఉండేది. అక్కడి నుంచి కొండల్లోకి కొత్త రోడ్డు వేస్తున్నాం. కరీంనగర్ దగ్గర ఒక బస్సు డిపోలో పని నేర్చుకుని వచ్చిన నేను ఆ క్యాంపుకు మెకానిక్‌ను. గుట్ట మీది పై క్యాంపులో కల్వర్టులు కట్టే వాళ్ళలో ఎక్కువమంది మా జిల్లాల వాళ్ళే. అక్కడ బావి లేదు. తోటల బావి నుంచి నీళ్ళు నింపుకుని ఈ లారీ ఎక్కాల్సిందే. కంపెనీకి ఉన్న కొత్త ట్యాంకరు రోడ్డు రెండో చివర పనికి పోయింది. మాకు మిగిలింది ఈ పాత బండి.

దాని డ్రైవర్ సువైక్ సముద్రపు ఒడ్డున పుట్టిన బలూచీ పెద్దాయన. తెల్లగడ్డం, దారంతో పూలు కుట్టిన టోపీ, ఎప్పుడూ ఉతికిన బట్టలే. రోడ్లు లేని కాలంలో ఈ లారీతోనే ఒడ్డు వెంట తడి ఇసుక మీద ఖర్జూరాలు, ఎండుచేపలు మోసేవాడట. కంపెనీ లారీని కొని నీళ్ళ ట్యాంకరు బిగించినప్పుడు దాంతోపాటు ఆయన్ని కూడా డ్రైవరుగా పెట్టుకుంది. ఆయనది బలూచీ యాస ఉర్దూ, నాది కరీంనగర్ ఉర్దూ. రెండూ ఒకదానికొకటి దూరపు చుట్టాలే అయినా మా మాటలకు ఎప్పుడూ అడ్డం రాలేదు. నేను చాచా అనేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను మొదట్లో ‘ఓ హిందీ’, అంటే ఓ ఇండియావాడా, అనే పిలిచేవాడు.

ఈ బండికి జబ్బులు రెండు. పొద్దున ఓ పట్టాన స్టార్ట్ కాదు. సెల్ఫు కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతుంది. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, డీజిల్ పైపుల్లో చేరిన గాలిని బుడగలు బుడగలుగా బయటికి తోసేస్తే అప్పుడు మాత్రం వెంటనే అందుకుంటుంది. అది మొదటి జబ్బు. రెండోది, బయల్దేరాక కొంత దూరం బాగానే పోయి, సరిగ్గా బలం కావలసిన చోట పికప్ పడిపోతుంది. కాసేపు ఆపితే మళ్ళీ కొంచెం దూరం వస్తుంది, మళ్ళీ పడిపోతుంది.

నాకు తెలిసినవన్నీ చేశాను. డీజిల్ ఫిల్టర్లు మార్చాను. గాలి ఫిల్టర్ విప్పి తడితే కొత్త రోడ్డు దుమ్ము గోధుమ పిండిలా రాలింది. ఇక దొరికింది అనుకున్నాను. దొరకలేదు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి పరీక్షకు పెడితే సూదుల్లా చిమ్మాయి. ట్యాపెట్లు సరిచేశాను. డీజిల్ లాగే ఫీడ్ పంపు విప్పి కడిగి బిగించాను. బండిది మళ్ళీ అదే పాట. ఆ పనులన్నీ అయ్యాక స్వయంగా చూద్దామనే ఆ రోజు చాచా పక్కన కూర్చుని గుట్ట ఎక్కబోయాను. నీళ్ళు నేలపాలు చేసి దిగివచ్చాం.

మా సైట్ ఇంజనీరు కాకినాడ వైపు మనిషి. దిగిన లారీ దగ్గరికి వచ్చి, ఖాళీ ట్యాంకరును అరచేత్తో చరిచి చూశాడు.

“మళ్ళీ అంతేనా?”

“అంతే సార్.”

“చూడవయ్యా, ఇది ముసలి ఇంజన్. పిస్టన్ రింగులు అరిగిపోయుంటాయి. కంప్రెషన్ లేకపోతే ఇంకేం లాగుతుంది? మస్కట్ ఆఫీసు వాళ్ళు దీన్ని తుక్కు యార్డుకి పంపెయ్యమంటున్నారు. ఓడ మీద ఇంకోటి వస్తుందిట.”

“ఓడ ఎప్పుడొస్తది సార్?”

“వచ్చినప్పుడు.”

చాచాకు తెలుగు రాదు. ‘మస్కట్’ అన్న ముక్క, ‘యార్డు’ అన్న ముక్క మాత్రం చెవిన పడ్డాయి. బానెట్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. ఆయనకు కొత్త బండి ఎవరూ ఇవ్వరు. లారీ పోతే ఆయన డ్యూటీ కూడా దానితోనే ఖలాస్.

నాకు ఇంజనీరు మాట తప్పనిపించలేదు. పాత బండి విషయంలో ఎవరైనా ముందు అదే అంటారు. కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. 

“సార్, రింగులు పోతే పొద్దుగాల ఒక్కటే గాదు, ఎప్పుడైనా సతాయించాలె. పొగ గూడ తియ్యాలె. గిది గట్ల చేస్తలేదు. పైపులల్ల గాలి తీస్తే ఒక్క సెల్ఫుకే అందుకుంటున్నది. మొదట్ల మంచిగ గుర్రం లెక్క ఉరుకుతున్నది. ఇంజన్‌ల దమ్మున్నది సార్. దానికి డీజిలే అందుతలేదు.”

ఆయన నవ్వలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ అడిగాడు.

“ఫిల్టర్లు మార్చావు, పంపు కడిగావు. ఇంకెక్కడ ఆగుతోందయ్యా డీజిలు?”

“గదే తెల్వాలె.”

“సరే. శుక్రవారం ఎలాగూ సెలవు. ఆ రోజు నేను కూడా వస్తాను, ముగ్గురం కూర్చుందాం. అప్పటికీ తేలకపోతే ఇక నా చేతుల్లో లేదు.”

శుక్రవారం ఉదయం ఆయన నిజంగానే వచ్చాడు, లుంగీ మీద పాత చొక్కా తొడుక్కుని, చేతిలో టీ గిన్నె, పాలడబ్బాతో. షెడ్డు నీడలో స్టవ్ వెలిగించి టీ పెట్టింది కూడా ఆయనే. మా వైపు టీ కంటే ఆయన టీలో చక్కెర తక్కువ. ఆ మాట అంటే, “మీ తెలంగాణ వాళ్ళకి టీ అక్కర్లేదయ్యా, పాకం చాలు” అన్నాడు. చాచా చాప మీద గొంతుక్కూర్చుని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఇంజనీరు నన్ను ఉర్దూలో అడగమన్నాడు. బండికి ఏమేం చేశామో కాదు, బండి ఎప్పుడెప్పుడు ఎలా ప్రవర్తిస్తోందో చాచానే చెప్పమని. అంతవరకు ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, పానా పట్టుకుని బానెట్ కింద దూరడమే నాకు తెలిసిన పని. చాచా టీ గ్లాసు కింద పెట్టి మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఎండ ఎక్కువైనా తక్కువైనా తేడా లేదట. గుట్ట పని మొదలయ్యాకే ఇదంతా వచ్చిందట. చివర్లో, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి అన్నాడు.

“ఇంకో సంగతి ఉంది. వింటే నవ్వుతారు. టంకీ నిండా డీజిల్ పోసిన రోజే దీనికి షైతాన్ పడుతుంది. సగం టంకీతో బయల్దేరితే చాలా దూరం వస్తుంది. కడుపు నిండా పెడితే పని చెయ్యదు, ఆకలితో ఉంటే చేస్తుంది.”

నేను తెలుగులో చెప్పగానే ఇంజనీరు నవ్వబోయి ఆగిపోయాడు. నేను మాత్రం లేచి నిలబడ్డాను. డీజిల్ ఎక్కువ ఉన్నప్పుడు తొందరగా ఆగడమా? పంపు పాడైతే అలా కాదు. ఫిల్టర్ మూసుకుపోతే అలా కాదు. రింగులకు టంకీతో సంబంధమే లేదు. మేమింతవరకు ఇంజన్ పక్కనే వెతుకుతున్నాం. జబ్బు అక్కడ లేదు, టంకీ దగ్గర ఉంది.

“సార్, టంకీ నిండ డీజిల్ పోద్దాం. బండి తీద్దాం. ఎక్కడ పికప్ పడితే అక్కడ నేను దిగి చూస్త.”

డ్రమ్ములోంచి పైదాకా పోశాం. చాచా మూతను తన అలవాటు ప్రకారం గట్టిగా బిగించాడు. పైపుల్లోంచి గాలి తీసి స్టార్ట్ చేసి, ముగ్గురం క్యాబిన్‌లో ఇరుక్కుని కూర్చున్నాం. ఖాళీ ట్యాంకరుతో వెళితే పనికిరాదని తోట బావి దగ్గర ఆగి నీళ్ళు కూడా నింపుకున్నాం. వాదీ వైపు మట్టిదారి పట్టాం. బండి హాయిగా పోతోంది. ఇంజన్ సన్నబడాలని దేవుణ్ణి మొక్కుకున్న మెకానిక్ నేనొక్కణ్ణేనేమో!

వాదీ ఇంకా రాకముందే గొంతు సన్నబడింది.

“ఇంజన్ ఆపకండి చాచా!” అని అరిచి, టంకీ ఉన్న వైపు తలుపు తీసి దూకాను. నత్తనడకన పోతున్న లారీ పక్కన పరుగెత్తుతూ టంకీ మూత పట్టుకుని తిప్పాను. రాలేదు. రెండు చేతులా పట్టి తిప్పాను. మూత వదులైన క్షణంలో ‘స్‌...’ మంటూ టంకీ గాలిని లోపలికి పీల్చుకుంది. ఊపిరాడక మునిగినవాడు నీళ్ళపైకి వచ్చి పీల్చినట్టు పీల్చింది. మరుక్షణం ఇంజన్ పొంగింది. ఎంతగా అంటే, చాచా కాలు తీసేలోపే లారీ నన్ను దుమ్ములో వదిలేసి ముందుకు దూకింది. నేను దారి మధ్యలో మూత చేతబట్టుకుని నిలబడి, పిచ్చివాడిలా గట్టిగా నవ్వాను. కొంత ముందుకు పోయి లారీ ఆగింది. ఇంజనీరు కిటికీలోంచి సగానికి పైగా బయటికి వంగి, “ఏంటయ్యా అది? ఏం చేశావు?” అని కేకలు.

మూత తిప్పి చూశాను. పైన గాలి కోసం ఉండాల్సిన చిన్న రంధ్రం ఉంది. లోపల మాత్రం ట్యూబు రబ్బరు గుండ్రంగా కత్తిరించి, దాని మీద గుడ్డ వేసి, చక్కగా సూదీదారంతో కుట్టి బిగించి ఉంది. అంత పొందికైన పని ఎవరిదో అడగనక్కర్లేదు. చాచా టోపీ మీది కుట్టులాగే ఉంది.

ఇంజనీరు చాచాను కూర్చోబెట్టి చెప్పాడు, నేను ఉర్దూ చేశాను. “పొద్దున టీకి పాలడబ్బాకి రెండు చిల్లులు పెట్టాను, చూశావా? ఒకదాంట్లోంచి పాలు రావాలంటే రెండోదాంట్లోంచి గాలి పోవాలి. టంకీ కూడా అంతే. డీజిలు బయటికి పోయినంత మేర గాలి లోపలికి రావాలి. సగం టంకీలో ముందే బోలెడు గాలి ఉంటుంది కాబట్టి కొంత దూరం ఓర్చుకుంటుంది. నిండా పోస్తే ఆ చోటు కూడా ఉండదు.”

చాచాకు సగంలోనే అర్థమైపోయింది. ముఖం వాడిపోయింది. “దుమ్ము పోతుందని కుట్టాను. గుట్ట దుమ్ము మెత్తన. పంపులోకి పోతే చచ్చిపోతుందని...” అంటూ తన చేతులవైపు చూసుకున్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. “చాచా, నేను పంపు విప్పినప్పుడు లోపల అద్దంలా ఉంది. ఇసుక రేణువు లేదు. ఆ దుమ్ములో ఇన్నాళ్ళు తిరిగిన బండి పంపు అట్లా ఉండటం నేనెక్కడా చూడలేదు. అది మీరు కుట్టిన రబ్బరు వల్లే. పంపు బతికుంది, గాలి పోయే దారి ఒక్కటే కావాలి.”

ఇది ఓదార్పు కోసం అన్న మాట కాదు. నిజంగానే పంపు పోయి ఉంటే మా ప్రయత్నాలకు అర్థమే ఉండేది కాదు. ఆయన నా ముఖంలోకి చూసి, నిజమేనని నమ్మాక, లేచి దులుపుకున్నాడు. “అయితే దుమ్ము రాకుండా గాలి రావాలి. అంతేనా, ఉస్తాద్?” ఆయన నన్ను అలా పిలవడం అదే మొదలు.

షెడ్డుకు తిరిగొచ్చి మూతకు సన్నని రాగి గొట్టం అతికాం. దాన్ని పైకి లేపి గొడుగు కర్రలా కిందికి వంచితే దుమ్ము పడదని ఇంజనీరు చెప్పాడు. నీళ్ళ ట్యాంకుల మీద అలాగే పెడతారట. గొట్టం మూతికి జల్లెడ గుడ్డ కట్టింది చాచా. ఆ కట్టిన ముడి చూస్తే విప్పడానికి మనసొప్పదు.

శనివారం పొద్దున షెడ్డు చుట్టూ జనం చేరారు. చాచా బిస్మిల్లా అని సెల్ఫు కొట్టాడు. ఇంజన్ తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు. అందుకోలేదు. ఎవరో వెనుక నుంచి “ముసలిది సచ్చింది పో” అన్నారు. ఇంజనీరు నా వైపు చూశాడు.

ఆశ్చర్యంగా నాకు బెంగ కలగలేదు. రెండు జబ్బుల్లో ఒకటి పోయింది, ఇక ఉన్నది ఒక్కటే. నిలబెట్టిన బండి పైపుల్లోకి గాలి ఎక్కడినుంచో దూరుతోంది. గాలి దూరితే పైపులోని డీజిల్ జారి టంకీలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి టంకీకీ పంపుకీ మధ్య ఎక్కడో సందు ఉంది. పైపంతా తడిమి చూశాను, ఎక్కడా తడి లేదు. ఉండదు కూడా. బయటికి కారే సందు అయితే కంటికి కనిపిస్తుంది. ఇది లోపలికి పీల్చే సందు.

“సార్, పీల్చేదాన్ని ఊదితే?” అన్నాను.

ఆయన కళ్ళు మెరిశాయి. “ఊదు!”

నిన్న పెట్టిన రాగి గొట్టానికి రబ్బరు ట్యూబు తొడిగి, చక్రాలకు గాలి కొట్టే చేతిపంపుతో టంకీలోకి మెల్లగా గాలి ఎక్కించాం. ఎక్కువ కొడితే టంకీ ఉబ్బుతుందని ఇంజనీరు పక్కనే ఉండి ఆపుతున్నాడు. నేను పాత గుడ్డతో పైపునంతా పొడిగా తుడిచి, లారీ కింద వెల్లకిలా పడుకున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత, క్యాబిన్ కింద ఇనప క్లిప్పు పైపును పట్టుకున్న చోట, చిన్న చెమటబొట్టు పుట్టింది. చూస్తుండగానే గింజంతైంది. నా చెంప మీద రాలింది.

“దొరికింది! సార్, దొరికింది!”

క్లిప్పు విప్పితే, ఏళ్ళ తరబడి రాపిడికి అరిగిన చోట వెంట్రుక లాంటి పగులు. క్లిప్పు కింద దాక్కుని ఉండటం వల్ల ఎవరి కంటికీ ఆనలేదు. ఆ ముక్క కోసి, కొత్త పైపు వేసి, క్లిప్పు కింద రబ్బరు మెత్త పెట్టాను. ఆ రబ్బరు మూతలోంచి తీసినదే, చాచా తానే తెచ్చి ఇచ్చాడు. గాలి తీసి స్టార్ట్ చేసి చూసి, బండిని ఆపేశాం. తెల్లవారేదాకా దాన్ని ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను.

ఆదివారం పొద్దున చాచా అందరికంటే ముందే సీటులో కూర్చున్నాడు. నేను తల ఊపగానే సెల్ఫు కొట్టాడు. అలా కొట్టాడో లేదో ఇంజన్ అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. వంటమనిషి గరిటతో గిన్నె వాయించాడు. ఇంజనీరు వచ్చి నా వీపు మీద గట్టిగా చరిచి, “ఎక్కవయ్యా, పోదాం” అన్నాడు.

టంకీ పైదాకా డీజిల్, ట్యాంకరు పైదాకా నీళ్ళు. కావాలనే రెండూ నింపాం. వాదీ దాటాం. మలుపు వచ్చింది. మొన్న నీళ్ళు వదిలేసిన చోట రాళ్ళ మధ్య మన్ను ఇంకా అట్టకట్టి కనిపిస్తోంది. చాచా గేరు దించి కాలు నొక్కాడు. ఇంజన్ గొంతు లోతుగా, బరువుగా మోగింది. సన్నబడలేదు. రాళ్ళు చక్రాల కింద పటపటమన్నాయి. బండి ఎక్కింది. ఇంకా ఎక్కింది. మలుపు వెనక్కి పోయింది. చాచా తనలో తాను బలూచీలో ఏదో పాడుకుంటున్నాడు. ఏం పాటో అడగలేదు, ఆపేస్తాడని.

పై క్యాంపు ఇంకా కనిపించకముందే ఆయన హారన్ నొక్కి పట్టుకున్నాడు. గుట్టలన్నీ మోగాయి. తట్టలు, తాపీలు ఎక్కడివక్కడ పడేసి మా వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. స్నానాలు బందై, తాగే నీళ్ళు గ్లాసులతో కొలిచి పోసుకుంటున్నారట. అందరికంటే ముందు వచ్చిన ముసలి మేస్త్రీ లారీని చేత్తో తాకి, “వచ్చినవా తల్లీ! మస్తు ఎదురుజూసినం” అన్నాడు. ఆ తల్లి నేనో, ఇంజనీరో, లారీయో ఇప్పటికీ తెలియదు.

ముందు తాగే డ్రమ్ములు నింపారు. తర్వాత వాల్వు దగ్గర వరస. ఒకడు బకెట్టెడు నీళ్ళు తల మీద కుమ్మరించుకుని కెవ్వుమని అరిచాడు. ఇంకొకడు సబ్బు నురగతోనే గంతులేశాడు. ఎవరో చాచా మీద చెంబెడు నీళ్ళు పోశారు. ఉతికిన బట్టలు తడిసిపోయాయి. కోప్పడతాడనుకున్నాను. ఆయన టోపీ తీసి పిండి, మళ్ళీ పెట్టుకుని, చెంబు లాక్కుని పోసినవాడి వెంటపడ్డాడు. ఇంజనీరు కళ్ళద్దాలు తడిసి ఏమీ కనిపించక, పడీ పడీ నవ్వుతూ కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు.

భోజనానికి ఉండమని వాళ్ళు ఎంత బతిమాలినా చాచా వినలేదు. ట్యాంకరును గుద్ది, ఖాళీ అయిందని తేల్చుకుని, సీటులోకి ఎక్కాడు.

“సార్‌ను అడుగు ఉస్తాద్, ఇంకో ట్రిప్పు కొట్టనా అని. పొద్దు చాలా ఉంది.”

అడిగాను. ఇంజనీరు జవాబు చెప్పేలోపే లారీ స్టార్ట్ అయింది.